వనువాటు, పశ్చిమ పపువా: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 మార్చిలో లలిత్ మోదీ పాస్‌పోర్టు గొడవప్పుడు వనువాటు పేరు మన పేపర్లలో, టీవీల్లో కొన్నాళ్లు మోగింది. పౌరసత్వం అమ్ముకునే దేశమట అని నవ్వుకుని వదిలేశాం. అదే దేశం నలభై ఏళ్లకు పైగా ఇండోనేసియాతో ఒక విషయంలో తగువు పెట్టుకుని కూర్చుంది. ఆ తగువు పేరు పశ్చిమ పపువా. దీని గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ పెడుతున్నాను. వరసగా చదవాల్సిన పనిలేదు, కావలసిన చోటికి వెళ్లిపోవచ్చు.

అసలు వనువాటు ఎక్కడుంది? ఎంత దేశం?

ఆస్ట్రేలియాకి తూర్పున, ఫిజీకి పడమరన, పసిఫిక్ సముద్రంలో 80కి పైగా దీవుల గొలుసు. రాజధాని పోర్ట్ విలా. 2020 జనాభా లెక్కల్లో మొత్తం దేశంలో తేలింది 3 లక్షల మంది. అంటే 2011 లెక్కల ప్రకారం మన నిజామాబాద్ నగరం అంత. ఇండోనేసియా జనాభా 28 కోట్లు. సొంత సైన్యం అని చెప్పుకోదగ్గది లేదు, పోలీసుల్లోనే ఒక సాయుధ విభాగం ఉంటుంది. ఐక్యరాజ్యసమితిలో మాత్రం ఇద్దరికీ చెరో ఓటే. ఈ పేజీలో మిగతా కథంతా ఆ ఒక్క ఓటు చుట్టూ తిరుగుతుంది.

పశ్చిమ పపువా అంటే పపువా న్యూగినీయేనా?

కాదు. ఈ గందరగోళం మొదట్లో అందరికీ ఉంటుంది. న్యూగినీ ఒక పెద్ద దీవి, దాన్ని నడిమికి నిలువుగా గీత గీసి కోశారు. తూర్పు సగం పపువా న్యూగినీ, 1975 నుంచి స్వతంత్ర దేశం. పడమటి సగం ఇండోనేసియా కింద ఉంది. ఆ సగాన్ని ఇండోనేసియా ఒకప్పుడు పశ్చిమ ఇరియన్ అంది, 1973 నుంచి ఇరియన్ జయ అంది, 2002 నుంచి పపువా అంటోంది. తర్వాత అందులో ఒక ముక్కకి పశ్చిమ పపువా రాష్ట్రం అని పేరు పెట్టింది. స్వాతంత్య్రం కోరేవాళ్లు మాత్రం మొత్తం పడమటి సగాన్ని ‘పశ్చిమ పపువా’ అంటారు. ఇక్కడ నేనూ ఆ అర్థంలోనే వాడుతున్నాను. కాబట్టి వార్త చదివేటప్పుడు ఏ పశ్చిమ పపువా అన్నది ఒకసారి చూసుకోండి.

గొడవ ఎక్కడ మొదలైంది?

డచ్చివాళ్ల దగ్గర. 1949 డిసెంబర్‌లో ఇండోనేసియాకి అధికారం అప్పగించినప్పుడు న్యూగినీ పడమటి సగాన్ని తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు. అక్కడి జనం జాతిపరంగా మెలనేసియన్లు (న్యూగినీ నుంచి ఫిజీ దాకా ఉన్న దీవుల జాతి), వాళ్ల భవిష్యత్తు వేరుగా తేలుద్దాం అన్నారు. ఇండోనేసియా అధ్యక్షుడు సుకర్ణో ఒప్పుకోలేదు. డచ్ ఈస్టిండీస్ మొత్తం మాదే, ఒక్క ముక్క కూడా వదలం అన్నాడు.

డచ్చివాళ్లు 1961లో అక్కడ ఒక ప్రజా మండలిని ఏర్పాటు చేశారు. ఆ ఏడాది డిసెంబర్ 1న పపువన్ల ‘వేగుచుక్క’ జెండా మొదటిసారి ఎగిరింది. మూడు వారాలైనా గడవకముందే సుకర్ణో సైనిక సమీకరణకు పిలుపిచ్చాడు. ఇండోనేసియా సోవియట్ వైపు జారిపోతుందన్న భయం అమెరికాకి ఉంది. దాంతో మధ్యవర్తిత్వం చేసి 1962 ఆగస్టు 15న న్యూయార్క్ ఒప్పందం కుదిర్చింది. డచ్చివాళ్లు ఐక్యరాజ్యసమితికి అప్పగించాలి, అది 1963 మే 1న ఇండోనేసియాకి అప్పగించాలి, 1969 లోపు ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. ఇదీ ఒప్పందం. సంతకాలు చేసినవి రెండే దేశాలు, నెదర్లాండ్స్, ఇండోనేసియా. పపువన్లను ఎవరూ బల్ల దగ్గరికి పిలవలేదు.

1969లో జరిగింది రెఫరెండమే కదా? మళ్లీ గొడవేంటి?

ఇదే ఈ వ్యవహారానికి వేరు. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ఒప్పందంలో వయోజనులైన స్త్రీపురుషులందరికీ పాల్గొనే హక్కు ఉండాలని, అంతర్జాతీయ పద్ధతి ప్రకారం జరగాలని రాసుకున్నారు. జరిగింది వేరు. అప్పటి జనాభా సుమారు 8 లక్షలు. వాళ్లలోంచి వెయ్యికి కాస్త పైన మందిని ప్రతినిధులుగా ఎంపిక చేశారు. ఆ ఎంపికలో ఇండోనేసియా అధికారుల చెయ్యే ఎక్కువ. 1969 జూలై 14న మెరౌకేలో మొదలుపెట్టి, జిల్లా తర్వాత జిల్లాగా సభలు పెట్టి, ఆగస్టు 2న అక్కడి ముఖ్య పట్టణం జయపురలో ముగించారు. బ్యాలెట్ పెట్టె లేదు, రహస్య ఓటు లేదు. ‘ముషావరా’ అనే పద్ధతి, అంటే పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుని ఏకాభిప్రాయానికి రావడం. మన ఊళ్లలో రచ్చబండ పంచాయితీ లాంటిదనుకోండి, కాకపోతే చుట్టూ సైనికులు ఉంటారు. ఎనిమిది సభల్లోనూ ఒక్కరంటే ఒక్కరు కూడా వద్దు అనలేదు. నూటికి నూరు ఇండోనేసియాకే.

ఏ ఊరి పంచాయితీలోనైనా వెయ్యిమందిని కూర్చోబెట్టి అడిగితే ఒక్కడైనా అడ్డం తిరుగుతాడు. ఇక్కడ తిరగలేదంటే అనుమానం రాకుండా ఉంటుందా?

ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 1969 నవంబర్ 19న 2504వ తీర్మానంలో ఈ ఫలితాన్ని ‘గమనించింది’. 84 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా, 30 దేశాలు ఓటు వేయలేదు. ఆ ‘గమనించింది’ అన్న మాట మీదే ఇప్పటికీ వాదన. అంటే ఆమోదించినట్టేనని ఇండోనేసియా అంటుంది. చూసి ఊరుకున్నారు, అంతేనని పపువన్లు అంటారు.

ఇక్కడ మనవాడు ఒకాయన వస్తాడు. అప్పట్లో ఐక్యరాజ్యసమితిలో అండర్ సెక్రటరీ జనరల్‌గా ఉండి ఈ వ్యవహారం చూసిన సి.వి. నరసింహన్. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఐసీఎస్ అధికారి. ఆయన 2001లో ఒక వార్తాసంస్థతో మాట్లాడుతూ అదంతా పైపైన సున్నం కొట్టడమేనని, ఈ తలనొప్పిని వీలైనంత త్వరగా వదిలించుకోవాలన్నదే అప్పటి ఆలోచన అని ఒప్పుకున్నాడు. లోపల కూర్చున్న మనిషే ఆ మాట అన్నాడు కాబట్టి పపువన్ల ఉద్యమం దాన్ని ఈనాటికీ వదలదు.

ఇందులో గని సంగతేంటి?

ఫ్రీపోర్ట్ అనే అమెరికా కంపెనీకి ఇండోనేసియా 1967లోనే తవ్వకాల ఒప్పందం ఇచ్చింది, అంటే ప్రజల అభిప్రాయం అడగడానికి రెండేళ్ల ముందు. తర్వాత అక్కడ తేలిన గ్రాస్‌బర్గ్ ప్రపంచంలోని అతిపెద్ద బంగారు, రాగి గనుల్లో ఒకటి. 2018లో ఇండోనేసియా ప్రభుత్వం అందులో 51 శాతం వాటా తీసుకుంది. జకార్తా ఈ నేలను ఎందుకు వదలదో చెప్పడానికి ఈ ఒక్కటి చాలదు. కానీ దీన్ని పక్కన పెట్టి మాట్లాడితే సగం కథే అవుతుంది.

వనువాటుకి ఇందులో ఏం పని? పక్కదేశం కూడా కాదు కదా?

నిజమే. పోర్ట్ విలా నుంచి జయపుర మూడు వేల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో సోలమన్ దీవులున్నాయి, పపువా న్యూగినీ ఉంది. కానీ వాళ్ల లెక్కలో ఇది ఒకే వాడ. వనువాటులో మాట్లాడే బిస్లమా భాషలో ‘వన్‌టాక్’ అనే మాట ఉంది. ఒకే మాట మాట్లాడేవాడు, మనవాడు అని. ఊరుగాని ఊళ్లో తెలుగు వినిపిస్తే తిరిగి చూస్తాం చూడండి, ఆ చుట్టరికం. దాన్నే సాగదీసి మెలనేసియన్లందరికీ వర్తింపజేస్తారు. 2010 జూన్‌లో వనువాటు పార్లమెంటు పశ్చిమ పపువా స్వాతంత్య్రానికి మద్దతుగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. దాని పేరే ‘వన్‌టాక్ బ్లాంగ్ యుమి’, మన వన్‌టాక్ అని.

రెండో కారణం వాళ్ల సొంత చరిత్ర. 1980 జూలై 30 వరకు ఆ దీవుల పేరు న్యూ హెబ్రిడీస్. 1906 నుంచి బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఏలాయి. కలిసి అంటే నిజంగా కలిసి కాదు. రెండు పోలీసు బలగాలు, రెండు చట్టాలు, రెండు జైళ్లు. స్థానికుడు మాత్రం అటు బ్రిటిష్ పౌరుడూ కాదు, ఇటు ఫ్రెంచ్ పౌరుడూ కాదు. సొంత నేల మీద ఏ దేశపు పౌరుడూ కాకుండా బతికిన తరం వాళ్లది. తమ తలరాత వేరే ఇద్దరు కూర్చుని రాసుకోవడం ఎలా ఉంటుందో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడోది వాల్టర్ లీని. ఆంగ్లికన్ చర్చి ప్రీస్టు, మొదటి ప్రధాని. మెలనేసియా అంతా విడుదలయ్యేదాకా వనువాటు స్వాతంత్య్రం పూర్తికాదని ఆయన అన్న మాట అక్కడ ప్రతి పార్టీకీ వేదవాక్కు. అధికారంలోకి వచ్చిన ప్రతి ప్రధానీ అది చెప్పాల్సిందే. పాటించడం వేరే సంగతి, ఆ ముచ్చట కింద ఉంది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. వనువాటు పుట్టుకే ఒక వేర్పాటును అణిచివేయడంతో మొదలైంది. 1980లో సాంటో దీవిలో జిమ్మీ స్టీవెన్స్ అనే నాయకుడు వేరే దేశం ప్రకటించుకుంటే, పపువా న్యూగినీ సైన్యాన్ని పిలిపించి ఆ తిరుగుబాటును ముగించారు. దీన్ని ఎత్తి చూపితే వనువాటు వాళ్లు చెప్పే జవాబు, దాని వెనక విదేశీ తోటల యజమానులు, ఫ్రెంచివాళ్లు ఉన్నారని. అందులో నిజం ఉంది. అయినా ప్రశ్న ప్రశ్నే.

మరి పక్కనే ఉన్న పపువా న్యూగినీ ఎందుకు నోరెత్తదు?

ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది కాబట్టి. 1984లో అటునుంచి పదివేలమందికి పైగా శరణార్థులు దాటి వచ్చారు. ఆ టెన్షన్ వాళ్లకి ఇంకా గుర్తుంది. 1986లో ఇండోనేసియాతో పరస్పర గౌరవ ఒప్పందం చేసుకున్నారు. జనంలో సానుభూతి మెండు, ప్రభుత్వం మాత్రం అడకత్తెరలో పోకచెక్క. దూరంగా ఉండటమే వనువాటుకి ఉన్న సౌకర్యం. ఎంత గట్టిగా మాట్లాడినా అటునుంచి ఎవరూ సరిహద్దు దాటి రారు.

సైన్యం లేదు, డబ్బు లేదు. ఏం పెట్టుకుని పోరాడుతోంది?

మైకు. వేరే మాటల్లో చెప్పలేను. ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో ప్రతి సెప్టెంబర్‌లో ప్రతి దేశానికీ మాట్లాడే వంతు వస్తుంది. వాతావరణ మార్పు, తుఫాన్లు, అప్పులు అయ్యాక వనువాటు ప్రధాని పశ్చిమ పపువా అంటాడు. 2014 మార్చిలో అప్పటి ప్రధాని మోవానా కార్కసెస్ జెనీవాలో మానవ హక్కుల మండలిలో అదే అంశం మీద గట్టిగా మాట్లాడాడు. 2016లో వనువాటు ఒంటరిగా లేదు. సోలమన్ దీవులు, నౌరు, మార్షల్ దీవులు, తువాలు, టోంగా లాంటి చిన్న దేశాలు కూడా ఒకే సభలో ఆ పేరు ఎత్తాయి.

రెండో సాధనం చోటు. ఉద్యమకారులకి కూర్చోవడానికి, ఆఫీసు పెట్టుకోవడానికి ఒక దేశం కావాలి. 2014 డిసెంబర్‌లో మూడు వేర్వేరు పపువా సంస్థలు పోర్ట్ విలాలో కూర్చుని ‘యునైటెడ్ లిబరేషన్ మూవ్‌మెంట్ ఫర్ వెస్ట్ పపువా’ అనే ఒక గొడుగు కిందికి వచ్చాయి. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటున్నంత కాలం ఎవరూ పట్టించుకోరని తెలిసి వనువాటే దగ్గరుండి కలిపింది. నా లెక్కలో వనువాటు చేసిన పనుల్లో ఉపన్యాసాలన్నిటికంటే ఇది బరువైనది.

2019లో జెనీవాలో ఏం జరిగింది?

చిన్న దేశం దౌత్యం ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలంటే ఇదే చూడాలి.

ఆ జనవరిలో వనువాటు సొంత మానవ హక్కుల రికార్డు మీద జెనీవాలో సమీక్ష ఉంది. ప్రతి దేశానికీ కొన్నేళ్లకోసారి వచ్చే మామూలు కార్యక్రమం. సమీక్షకు వెళ్లిన ప్రతినిధి బృందంలో బెన్నీ వెండా అనే పేరు ఉంది. బ్రిటన్‌లో ఆశ్రయం పొందిన పపువా నాయకుడు, యునైటెడ్ మూవ్‌మెంట్ ముఖ్యుడు. అప్పటి మానవ హక్కుల హైకమిషనర్ మిషెల్ బాచెలెట్‌ని వనువాటు బృందం మర్యాదపూర్వకంగా కలిసింది. ఆ గదిలో వెండా ఆమె చేతికి ఒక వినతిపత్రం అందించాడు. స్వాతంత్య్రం మీద అంతర్జాతీయ పర్యవేక్షణలో ఓటింగ్ జరపాలని 18 లక్షలమంది సంతకాలు పెట్టారని అందులో ఉంది.

ఇండోనేసియా భగ్గుమంది. మర్యాద భేటీ పేరుతో వెండాని దొంగతనంగా లోపలికి తెచ్చారని మండిపడింది. దౌత్య మర్యాద లెక్కన చూస్తే ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. సొంత రాయబార కార్యాలయం లేని ఉద్యమానికి వేరే దారి లేదన్నదీ నిజమే. ఇక 18 లక్షల సంఖ్య. అంత పెద్ద లెక్కను స్వతంత్రంగా సరిచూసిన వాళ్లెవరూ లేరు. కాబట్టి దాన్ని ఉద్యమం చెప్పిన అంకెగానే తీసుకోండి.

ఎంఎస్‌జీ అనే మాట ప్రతి వార్తలో వస్తుంది. ఏంటది?

మెలనేసియన్ స్పియర్‌హెడ్ గ్రూప్. పపువా న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు, ఫిజీ సభ్యులు. ఐదో సభ్యత్వం న్యూ కాలెడోనియాలో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్య్రం కోరే ఎఫ్‌ఎల్‌ఎన్‌కేఎస్ కూటమిది, 1989 నుంచి. ఆఫీసు పోర్ట్ విలాలోనే ఉంది, భవనం చైనా కట్టించి ఇచ్చింది.

ఒక విమోచన ఉద్యమానికి దేశాలతో సమానంగా కుర్చీ వేసిన సంస్థ ఇది. అందుకే పపువన్లు దీన్నే పట్టుకున్నారు. కనక్‌లకి (న్యూ కాలెడోనియా మూలవాసులకి) ఇచ్చారు, మాకెందుకు ఇవ్వరు అని. ఇండోనేసియా కూడా అది గ్రహించి 2011లో పరిశీలకుడిగా లోపలికి వచ్చింది. మా దేశంలోనూ లక్షలకొద్దీ మెలనేసియన్లు ఉన్నారు కదా అంది. 2015 జూన్‌లో సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో నాయకులు పాము చావకుండా కర్ర విరగకుండా ఒక నిర్ణయం తీసుకున్నారు. యునైటెడ్ మూవ్‌మెంట్‌కి పరిశీలక హోదా, అదే పూట ఇండోనేసియాకి అసోసియేట్ సభ్యత్వం. పపువన్లు గుమ్మం దాకా వచ్చారు, వాళ్లకంటే ఒక మెట్టు పైన ఇండోనేసియా కూర్చుంది.

2016లో పూర్తి సభ్యత్వం దరఖాస్తు వాయిదా పడింది. తర్వాత ఏళ్ల తరబడి నియమాలు రాయడం, దిద్దడం. 2023 ఆగస్టులో సమావేశం పోర్ట్ విలాలోనే. సొంత గడ్డ మీద, సొంత అధ్యక్షతన. ఈసారి పనవుతుందని ఉద్యమకారులు ఆశపడ్డారు. ఎంఎస్‌జీలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి, ఏకాభిప్రాయం కుదరలేదు. ఉన్న అర్హతల ప్రకారం యునైటెడ్ మూవ్‌మెంట్‌కి సభ్యత్వం కుదరదని తేల్చేశారు. ఆతిథ్యం ఇచ్చిన ప్రధాని ఇష్మాయిల్ కల్సకావు మరికొద్ది రోజులకే పదవి కోల్పోయాడు. ఆయన పడిపోవడానికి కారణం దేశీయ రాజకీయాలే, ఈ సభ్యత్వం కాదు. రెంటినీ కలిపి కథలల్లేవాళ్లున్నారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

ఫిజీ సంగతి కూడా ఒక మాట. 2023 ఫిబ్రవరిలో ప్రధాని రబుకా వెండాని కలిసి, వాళ్లు మెలనేసియన్లే కదా, సభ్యత్వానికి మద్దతిస్తాం అన్నాడు. ఏడాది తిరక్కుండానే స్వరం మారింది. గోడ మీద పిల్లి వాటం.

ఇండోనేసియా ఏమంటుంది? వాళ్ల వైపు వాదన లేదా?

ఉంది, అందులో బలమూ ఉంది. వలస పాలన నుంచి బయటపడిన దేశానికి వలస సరిహద్దులే సరిహద్దులు. డచ్ ఈస్టిండీస్ ఎంతో ఇండోనేసియా అంత. ఇది ఒక్క ఇండోనేసియా వాదన కాదు, ఆఫ్రికా, ఆసియాల్లో చాలా దేశాలు నిలబడింది ఈ సూత్రం మీదే. 1969 వ్యవహారాన్ని ఐక్యరాజ్యసమితి స్వీకరించింది, ముగిసిన అధ్యాయం అంటారు. 2001 నుంచి ప్రత్యేక స్వయంప్రతిపత్తి చట్టం ఉంది, నిధులు పోస్తున్నాం, కొండల్లోంచి రోడ్లు వేస్తున్నాం అంటారు. సాయుధ గెరిల్లాలు మామూలు జనాన్ని చంపుతున్నారన్నదీ నిజం. 2018 డిసెంబర్‌లో న్‌డుగాలో రోడ్డు పనివాళ్లని చంపారు. 2023 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పైలట్ ఫిలిప్ మెర్టెన్స్‌ని ఎత్తుకెళ్లి ఏడాదిన్నరకు పైగా అడవిలో ఉంచి 2024 సెప్టెంబర్‌లో వదిలారు.

వాళ్లు జవాబు చెప్పే తీరు కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితిలో ప్రధానులు చేసిన ఆరోపణలకి ఇండోనేసియా మంత్రి జవాబివ్వడు. ఒక యువ దౌత్యవేత్తను నిలబెడతారు. 2020లో వనువాటు ప్రధాని బాబ్ లాఫ్‌మన్ మాట్లాడాక సిల్వనీ పసరిబు అనే దౌత్యవేత్త లేచి, మీకు మా దేశం మీద అనారోగ్యకరమైన వ్యామోహం పట్టుకుంది, మీరు పపువా ప్రజల ప్రతినిధులు కారు అని కడిగేసింది. ఆ వీడియో ఇండోనేసియాలో వైరల్ అయింది. ఆ వెనకే వనువాటు సోషల్ మీడియా పేజీల మీద జాత్యహంకార బూతులు వచ్చి పడ్డాయి. అంతకు ముందు ఏడాదే జావా దీవిలోని సురబయలో పపువా విద్యార్థులను కోతులని తిట్టారు, దానిమీద పపువా అంతటా ఆందోళనలు రేగాయి. జాతి గొడవ కాదు, సార్వభౌమత్వం గొడవ అని జకార్తా ఎంత చెప్పినా, కామెంట్లు వేరే కథ చెప్పాయి.

వనువాటు వైఖరి ఎప్పుడూ ఒకటేనా?

జనానిది ఒకటే. ప్రభుత్వాలది కాదు. అక్కడ అవిశ్వాస తీర్మానాలు వానాకాలం వానల్లా వస్తాయి. 2011లో ఇండోనేసియా ఎంఎస్‌జీలోకి అడుగుపెట్టినప్పుడు వనువాటు ప్రధాని సాటో కిల్మన్, ఆయనే దానికి సుముఖుడు. అంతకు ముందు ఏడాది పార్లమెంటు ఏకగ్రీవ తీర్మానం చేసిన దేశం! తర్వాత వచ్చిన కార్కసెస్ మళ్లీ గట్టిగా మాట్లాడాడు. 2023 సెప్టెంబర్‌లో కిల్మన్ మళ్లీ ప్రధాని, నెల తిరిగేసరికి చార్లట్ సల్వాయ్. గోడ దూకే ఎంపీలతో విసిగి 2024 మే నెలలో రెఫరెండం పెట్టి, పార్టీ వదిలితే సీటు పోయేలా రాజ్యాంగం మార్చుకున్నారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల బాధ మనకి బాగా అర్థమవుతుంది.

ఎదుటివాడు ఓపికగా కూర్చుంటే చాలు. ఈ ప్రధాని కాకపోతే వచ్చే ప్రధాని. ఇండోనేసియా లెక్క అదే.

అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లొచ్చుగా? వాతావరణం కేసులో గెలిచారు కదా?

మంచి ప్రశ్న. 2019లో పోర్ట్ విలాలోని న్యాయ విద్యార్థుల తరగతి గదిలో పుట్టిన ఆలోచనను వనువాటు ప్రభుత్వం భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న జనరల్ అసెంబ్లీలో తీర్మానం చేయించి, 2025 జూలై 23న హేగ్ న్యాయస్థానం నుంచి వాతావరణ బాధ్యతల మీద సలహా అభిప్రాయం తెచ్చింది. చిన్న దేశం సాధించిన పెద్ద విజయమే.

దారి పపువాకీ అదే. జనరల్ అసెంబ్లీ ఓటుతో అడిగితే న్యాయస్థానం చెబుతుంది. చాగోస్ దీవుల విషయంలో మారిషస్ అలాగే 2017లో 94 ఓట్లు కూడగట్టి, 2019లో బ్రిటన్‌కి వ్యతిరేకంగా అభిప్రాయం తెచ్చుకుంది. తేడా ఎక్కడంటే, మారిషస్ వెనక ఆఫ్రికా మొత్తం నిలబడింది, ఎదురుగా ఉన్నది పాత వలస రాజ్యం. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఆసియా, ఆఫ్రికా దేశాలను కూడగట్టి బాండుంగ్ సదస్సు పెట్టిన దేశం, అలీనోద్యమం పెద్దల్లో ఒకటి, వలస పాలనని ఓడించానని చెప్పుకునే దేశం. ఆ దేశాన్నే వలస రాజ్యం అనమంటే ఎన్ని దేశాలు చెయ్యెత్తుతాయి? సొంత ఇళ్లలో ఇలాంటి మూల ఒకటి ఉన్న దేశాలైతే అసలు ఎత్తవు.

తూర్పు తైమూర్‌కి స్వాతంత్య్రం వచ్చింది, దీనికి ఎందుకు రాలేదు?

తైమూర్ పోర్చుగీసు వలస. 1975లో ఇండోనేసియా సైన్యంతో ఆక్రమించింది, ఐక్యరాజ్యసమితి దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. కాబట్టి 1999లో ఓటింగ్ పెట్టేటప్పటికి ఫైలు తెరిచే ఉంది. 78 శాతానికి పైగా స్వాతంత్య్రం కోరారు. పపువా ఫైలు 1969లో మూసేశారు. వనువాటు చేస్తున్నదల్లా ఆ ఫైలు మళ్లీ తెరవమనడం. మూసిన ఫైలు తెరిపించడం ఎంత కష్టమో ఏ మండలాఫీసుకి వెళ్లినవాడైనా చెబుతాడు.

న్యూ కాలెడోనియా విషయంలోనూ వనువాటు ఇలాగే ఉంటుందా?

అదే అసలు పక్కిల్లు, ఐదారు వందల కిలోమీటర్లు. 1980ల్లో దాని మీద, దేశీయ రాజకీయాల్లో జోక్యం మీద ఫ్రాన్స్‌తో గట్టిగానే తలపడింది, రెండుసార్లు ఫ్రెంచ్ రాయబారిని వెళ్లగొట్టింది. 1986లో న్యూ కాలెడోనియా మళ్లీ ఐక్యరాజ్యసమితి వలస ప్రాంతాల జాబితాకెక్కింది, పసిఫిక్ దేశాలు పట్టుబట్టడం వల్ల. తర్వాత అక్కడ 2018, 2020, 2021ల్లో మూడు రెఫరెండాలు జరిగాయి. మూడింటిలోనూ వద్దు అన్నవాళ్లే గెలిచారు, మూడోదాన్ని కనక్‌లు బహిష్కరించారు. 2024 మే అల్లర్లు ఆ తర్వాత కథ. జాబితాలో ఉండటం, లేకపోవడం ఎంత తేడా తెస్తుందో చెప్పడానికే ఇది ఎత్తాను.

భారత్ ఎటు? మన తెలుగువాళ్లకి ఏమైనా సంబంధం ఉందా?

భారత్ 1950ల నుంచీ ఇండోనేసియా వైపే. అప్పట్లో వలసవాదం మీద పోరులో తోడు, ఇప్పుడు ఇండోనేసియా అంతర్గత వ్యవహారం. 1962లో కాల్పుల విరమణ చూడటానికి వెళ్లిన ఐక్యరాజ్యసమితి పరిశీలకుల బృందానికి పెద్ద మాత్రం భారత సైన్యాధికారి, ఇందర్ జిత్ రిఖ్యే. తర్వాత భద్రత చూసిన దళం పాకిస్తాన్‌ది. ఇద్దరూ ఒకే చోట ఒకే పని మీద ఉండటం అరుదు, అందుకని చెప్పాను.

తెలుగు సంబంధం అంటే ఫిజీ. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఫిజీ ఎంఎస్‌జీ సభ్యదేశం. అంతకు మించి లాగితే అతికినట్టు ఉండదు.

పపువాని ఆరు రాష్ట్రాలు చేశారట. చిన్న రాష్ట్రాలు మంచివే కదా?

ఈ ప్రశ్న తెలుగువాళ్ల నుంచే ఎక్కువ వస్తుంది, ఎందుకో చెప్పక్కర్లేదు. కానీ తెలంగాణతో పోలిక కుదరదు. తెలంగాణ కావాలన్నది అక్కడి జనం, వాళ్లు అడిగింది దేశం లోపల రాష్ట్రం. పపువాలో 2022లో కొత్త రాష్ట్రాలు పుట్టింది జకార్తా నిర్ణయంతో. 2001 చట్టం ప్రకారం విభజనకి, ఆ చట్టం కిందే ఏర్పడ్డ పపువా ప్రజా మండలి ఒప్పుకోవాలి. 2021లో ఆ చట్టాన్ని సవరించి, కేంద్రం తనంత తానే చేయగలిగేలా మార్చారు. ఆ తర్వాత విభజన. వద్దని జయపురలో ఊరేగింపులు జరిగాయి. కొత్త రాష్ట్రం అంటే కొత్త ఆఫీసులు, కొత్త పోలీసు బలగాలు, బయటినుంచి కొత్త ఉద్యోగులు అని వాళ్ల భయం. పాలన దగ్గరవుతుందని ప్రభుత్వం మాట.

ఇంతకీ వనువాటు సాధించిందేమిటి?

స్వాతంత్య్రం వైపు అంగుళం కూడా కదల్లేదు. ఆ మాట ముందే చెప్పేయాలి. సాధించినవి చిన్నవి. 2019 ఆగస్టులో తువాలులో పసిఫిక్ దీవుల ఫోరం నాయకులందరూ, ఆస్ట్రేలియాతో సహా, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ పపువా పర్యటన తేదీ తేల్చాలని ఉమ్మడి ప్రకటనలో రాశారు. 2020 సమావేశానికి ముందే నివేదిక రావాలన్నారు. ఆఫ్రికా, కరేబియన్, పసిఫిక్ దేశాల కూటమి కూడా అదే ఏడాది అలాంటి తీర్మానమే చేసింది. తర్వాత కోవిడ్ వచ్చింది, వెళ్లింది. 2023 నవంబర్‌లో ఫోరం ఫిజీ, పపువా న్యూగినీ ప్రధానులను ఇండోనేసియాకి ప్రత్యేక దూతలుగా పెట్టింది. హైకమిషనర్ పర్యటన మాత్రం ఏళ్లు గడిచినా కదల్లేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వనువాటుని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఉలిపికట్టె లేకపోతే ఆ ఉమ్మడి ప్రకటనలో ఆ వాక్యం ఉండేది కాదని నా నమ్మకం.

డిసెంబర్ 1న ఏం జరుగుతుంది?

పోర్ట్ విలాలో వేగుచుక్క జెండా ఎగరేస్తారు. ఎర్ర పట్టీ మీద తెల్ల చుక్క, పక్కన నీలం, తెలుపు చారలు. మంత్రులు వస్తారు, చర్చి పెద్దలు ప్రార్థన చేస్తారు, సాయంత్రానికి నకమల్‌లో, అంటే ఊరందరూ చేరే పాకలో, కవా అనే వేరు రసం తాగుతారు.

జయపురలో అదే జెండా ఎగరేస్తే దేశద్రోహం కేసు. ఫిలెప్ కర్మ అనే ప్రభుత్వోద్యోగి 2004 డిసెంబర్ 1న ఎగరేశాడు. కోర్టు 15 ఏళ్లు వేసింది. 2015లో బయటికొచ్చాడు.